ఆజంపురాలో మాకు దొరికిన గది

నన్ను పట్నం పంపాలన్న నిర్ణయం మా అమ్మది.

బాపు అప్పటికే ఇంట్లో ఉండడం మానేశాడు. దొరల మీద తిరగబడ్డ సంగంలో చేరిన చాలామంది లాగే పగలంతా ఏ వాగు ఒడ్డునో, ఏ గుట్ట చాటునో గడిపి, ఎప్పుడో ఒకసారి పెరటి దారిన వచ్చి, నిలబడే నాలుగు బుక్కలు తిని వెళ్ళిపోయేవాడు. మా ఊరు మోత్కూరుకు దగ్గర. రజాకార్ల లారీ వస్తున్నదని కేక వినబడితే చాలు, ఊళ్ళోని ఆడపిల్లలందరినీ జొన్నచేలలోకి తోలేవాళ్ళు. నాకప్పుడు పదమూడేళ్ళు. చేలో బోర్లా పడుకొని, ఆకులు చెంపలు కోస్తున్నా కదలకుండా, లారీ చప్పుడు దూరమయ్యేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. చలికాలమంతా అట్లాగే గడిచింది. తర్వాత యాసంగి కోతలు అయిపోయాయి. చేలన్నీ బోడిగా మిగిలాయి.

ఆ రోజుల్లో బాపు వచ్చినప్పుడు అమ్మ గిన్నె అందిస్తూనే అడిగింది.

"చేన్లు గోసిండ్రు. ఇగ పిల్లను యాడ దాచిపెట్టాలె?"

బాపు చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"దానికి చదువంటె పానం. పట్నంల ఆడివిల్లలకు తెలుగు బడి ఉన్నదంటివి గద. గాడికి తోలియ్యి. చదువుకుంటది, పానంతోని ఉంటది."

"ఒక్కదాన్ని ఎట్ల తోలియ్యాలె?" అన్నాడు బాపు.

"నేను వోత దానెంబడి," అన్నది మూలన కూర్చొని ఉన్న మా అవ్వ. బాపును కన్నతల్లి. మోత్కూరు అంగడి దాటి ఆమె ఎన్నడూ ఎక్కడికీ పోలేదు. పట్నం ఏ దిక్కున ఉంటుందో కూడా ఆమెకు తెలియదు. అయినా ఆ మాటతోనే మా ప్రయాణం ఖాయమైపోయింది. అమ్మకు చంటి తమ్ముడున్నాడు, గొడ్లున్నాయి, ఉన్న కాస్త చెలక ఉంది. ఆమె కదలలేదు.

మా ఊరి మనిషి ఒకాయన బండి కట్టుకొని మమ్మల్ని చౌటుప్పల్ దాకా తీసుకుపోయి బస్సెక్కించాడు. బస్సు కదలకముందే ఇద్దరు పోలీసులు ఎక్కారు. ఒక్కొక్కరినీ ఎక్కడికి, ఎందుకు అని అడుగుతూ మా దగ్గరికి వచ్చారు. అవ్వ కళ్ళు సగం మూసుకొని నా భుజం మీద చేయి వేసింది.

"దవాఖానకు వోతున్న బిడ్డ. కండ్లు గానొస్తలేవు. ఇది నా మనుమరాలు, తొవ్వ జూపెట్ట వస్తున్నది."

వాళ్ళు ముందుకు పోయారు. అవ్వ మాత్రం మలక్‌పేట వచ్చేదాకా కళ్ళు తెరవలేదు.

పట్నంలో మాకున్న ఒకే ఒక్క మనిషి వకీలు మామ. అవ్వకు తమ్ముని వరసయ్యే ఆయన కొడుకు. కాచిగూడలో మేడ ఇల్లు. మమ్మల్ని చూడగానే ఆయన ముఖంలో సంతోషం రాలేదు గాని, తలుపు మాత్రం తీశాడు. అన్నం పెట్టించాడు. మర్నాడే నన్ను వెంటబెట్టుకొని పోయి బళ్ళో చేర్పించాడు. బడి వాళ్ళు నాతో చదివించి, లెక్క చేయించి, ఆరో తరగతిలో కూర్చోబెట్టారు. అంతవరకు ఆయన మాట తప్పలేదు. ఇంటికి వచ్చాక అవ్వ ముందు నిలబడి నేల చూస్తూ అన్నాడు.

"అత్తా, నిన్ను పొమ్మంటలేను. కాని బావ సంగంల ఉన్న సంగతి కచేరీల అందరికి తెలుసు. నా ఇంటి మీద నిగా పెట్టిండ్రు. మీరు గీడ ఉంటె నాకు కష్టమె, మీకు కష్టమె. జాగా దొరికెదాక ఉండుర్రి. జర జల్దీ చూసుకోవాలె."

అవ్వ కోపం తెచ్చుకోలేదు. "నీ భయం నీకున్నది బిడ్డ. చూసుకుంటం," అన్నది.

అట్లా మా వెతుకులాట మొదలైంది. బడి వదిలాక సాయంత్రాలు నేను, అవ్వ కాచిగూడ గల్లీలన్నీ తిరిగేవాళ్ళం. మొదట చూసిన ఇల్లు నాకు బాగా నచ్చింది. మేడ మీద చిన్న గది. కిటికీలోంచి వేపచెట్టు కనబడుతుంది. ఇంటాయన నవ్వుతూనే మాట్లాడాడు. చివర అడిగాడు, "ఏ జిల్లా?" అని.

"నల్లగొండ," అన్నది అవ్వ.

ఆయన నవ్వు పోయింది. గది నిన్ననే ఎవరికో మాటిచ్చామని, తను మరచిపోయానని అన్నాడు. మర్నాడు బడికి పోతూ చూస్తే తలుపుకు ఖాళీ అన్న పలక అట్లాగే వేలాడుతున్నది. ఆ తర్వాత మరో రెండు ఇళ్ళల్లోనూ ఇదే. జిల్లా పేరు చెప్పేదాకా అన్నీ బాగుండేవి. నల్లగొండ నుంచి చదువుకోవడానికి వచ్చిన మగపిల్లలను పోలీసులు గదుల్లోంచి లేపుకుపోయారని, ఇల్లిచ్చినవాళ్ళను కూడా ఠాణాకు పిలిచారని ఊరంతా చెప్పుకొంటున్న రోజులవి. ఇళ్ళవాళ్ళను తప్పుపట్టాలని నాకు ఇప్పుడు అనిపించడం లేదు.

ఆడపిల్లల హాస్టలు ఒకటి చూశాం. అక్కడి పెద్దమ్మ మంచిగానే మాట్లాడింది కాని, పట్నంలో ఆస్తి ఉన్న మనిషి ఎవరైనా పూచీ ఉంటేనే తీసుకుంటామన్నది. వకీలు మామ పేరు చెప్పడానికి అవ్వ ఒప్పుకోలేదు.

ఒక ఇంటివాళ్ళు మాత్రం జిల్లా పేరు అడగకుండానే గది ఇస్తామన్నారు. పెద్ద వాకిలి, చుట్టూ గదులు, అన్నిట్లో మగవాళ్ళు. మాకిస్తామన్న గదికి గొళ్ళెం బయట మాత్రమే ఉంది. అవ్వ తలుపు వెనక తడిమి చూసి, "లోపటి గొళ్ళెం ఏది?" అన్నది. ఇంటాయన, "ఎవరొస్తారమ్మా, అందరం ఉంటం గద," అన్నాడు. అవ్వ నా చేయి పట్టుకొని బయటికి వచ్చేసింది. గల్లీ మలుపు తిరిగాక, "అందరుంటరనే నా భయం," అన్నది.

ఎన్ని సాయంత్రాలు అట్లా గడిచాయో గుర్తులేదు. వకీలు మామ ఇంటి తలుపు ఎవరు కొట్టినా ఆయన పేపరు పక్కన పెట్టి కిటికీలోంచి తొంగి చూసేవాడు. మేం కూడా పళ్ళెం ముందు కూర్చోవడానికి మొహమాటపడే స్థితికి వచ్చాం. అప్పుడు ఆయన భార్య, నేను అత్తమ్మ అని పిలిచే ఆమె, ఒక మధ్యాహ్నం ఆయన కోర్టుకు పోయాక అవ్వను వంటింట్లోకి పిలిచింది.

"నాకు రవికెలు కుట్టె ఒక బీబమ్మ ఉన్నది. ఆజంపురల. మొగడు పంతులు చేసి సచ్చిపొయిండు. బిడ్డ పెండ్లై బొంబాయిల ఉన్నది. ఒక్కతే ఉంటది. గామె దగ్గర ఒక అర్ర ఖాళీగున్నది."

అవ్వ ఆమె ముఖంలోకి చూసింది. "తురకోళ్ళ గల్లీలనా? గీ రోజులల్లనా?"

"గందుకే చెప్తున్న. మిమ్ములను గాడ ఎవలు దేవులాడుతరు?" అని, గొంతు తగ్గించి, "ఎవలన్న అడిగితె పాలమూరు అని చెప్పుర్రి. నల్లగొండ అన్న మాట నోట్లకెళ్ళి రానియ్యకుర్రి," అన్నది.

చాదర్‌ఘాట్ వంతెన దాటి, ఒక సన్నని గల్లీలో గోనెపట్టా తెర వేలాడే గుమ్మం ముందు అత్తమ్మ మమ్మల్ని నిలబెట్టింది. లోపల చిన్న వాకిలి, బావి, ఒక దానిమ్మ చెట్టు. బావి పక్కన కుట్టుమిషను ముందు కూర్చొని ఉన్నామె లేచి వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉంది. తెల్లని ఓణీ తలమీదుగా కప్పుకొని ఉంది. తర్వాత నేను ఆమెను ఖాలా అని పిలిచాను. అంటే పిన్నమ్మ అని. ఆ రోజు మాత్రం ఆమె ముఖం చూస్తే నోరు విప్పాలనిపించలేదు.

"మగవాళ్ళు రావొద్దు," అన్నది ఆమె మొదటి మాటగా. తెలుగు వచ్చు కాని, ఉర్దూ లాగా విరిచి మాట్లాడేది. "చుట్టమైనా, ఎవరైనా, గల్లీలో నుంచే మాట్లాడి పోవాలి."

"మాకు మొగోళ్ళు ఎవ్వరు లేరు," అన్నది అవ్వ.

"ఏ జిల్లా?"

"పాలమూరు."

"పాలమూరులో ఏ ఊరు?"

అవ్వ ఈ ప్రశ్నకు సిద్ధంగా లేదు. పాలమూరు జిల్లాలో ఆమెకు తెలిసిన ఊరు ఒక్కటే. ఎప్పుడో వాళ్ళ అక్కను అటు దిక్కు ఇచ్చారు. "అచ్చంపేట," అన్నది.

ఖాలా ఇంకేమీ అడగలేదు. నా దిక్కు తిరిగింది. "చదువుకోవడానికే వచ్చినవా? సచ్ చెప్పు."

నేను తల ఊపాను.

"నా మియా ఈ గదిలోనే పిల్లలకు చదువు చెప్పేవారు. చదవని వాళ్ళకు ఇవ్వను."

అవ్వ గది లోపలికి పోయి తలుపు మూసింది. లోపల గొళ్ళెం పడిన చప్పుడు, మళ్ళీ తీసిన చప్పుడు వినబడింది. బయటికి వచ్చి, "మంచిగున్నది," అన్నది.

మేం ఆ గదిలో చేరిన రోజుల్లో ఆ గల్లీ చివరి మైదానంలో కుర్రవాళ్ళు బల్లేలు పట్టుకొని కవాతు చేసేవాళ్ళు. మా ఊరికి లారీల్లో వచ్చినవాళ్ళ బట్టలే వాళ్ళవీ. మొదటిసారి చూసినప్పుడు నాకు చేలో పడుకున్నట్టే ఊపిరి ఆగింది. బడికి పోనని ఏడ్చాను. ఖాలా తన పాత బుర్ఖా ఒకటి తెచ్చి, రెండు పక్కలా కుట్టు వేసి నా కొలతకు తగ్గించింది. "వంతెన దాకా వేసుకో. అవతల తీసి సంచిలో పెట్టుకో," అన్నది. అప్పటి నుంచి అట్లాగే పోయేదాన్ని. బుర్ఖా లోపల నుంచి చూస్తుంటే ఆ కుర్రవాళ్ళు మామూలు కుర్రవాళ్ళ లాగే కనబడేవాళ్ళు. కొందరికి మీసాలు కూడా రాలేదు.

అవ్వకు ఖాలాకు మాత్రం పొసగలేదు. అవ్వ పొద్దున్నే, ఖాలా లేవకముందే బావి తాడు కడిగి నీళ్ళు తోడుకొనేది. వేరే పొయ్యి, వేరే కుండలు. ఖాలా వంటింటి నుంచి ఏ వాసన వచ్చినా గది తలుపు మూసేది. ఖాలాకు అన్నీ తెలుసు. పండగనాడు సేమియా తెచ్చి మా గడప దగ్గర ఆగి, ఆ గిన్నె నాకు ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం చూసి, మళ్ళీ పట్టుకుపోయింది. నాకు సిగ్గేసింది. అవ్వ గోడ దిక్కు తిరిగి దీపం సరిచేసుకొంటూ ఉండిపోయింది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో యూనియన్ సైన్యం వస్తున్నదన్న మాట మొదలైంది. బడి మూసేశారు. మైదానంలో కవాతు ఆగిపోయింది. కుర్రవాళ్ళు ఒక్కొక్కరే కనబడకుండా పోయారు. గల్లీ చివర చాయ్ దుకాణంలో రేడియో చుట్టూ మూగిన మగవాళ్ళు ఒక సాయంత్రం ఏమీ మాట్లాడుకోకుండా విడిపోయి ఇళ్ళకు పోయారు. పాత రాజ్యం అయిపోయిందని అట్లా తెలిసింది మాకు. వంతెన అవతల జనం కేకలు, డప్పులు. మా గల్లీలో ప్రతి తలుపూ మూసుకొన్నది. ఖాలా కుట్టుమిషను మీద బట్ట కప్పి, నమాజు చేసే జానమాజు చాప పరచుకొని కూర్చుండిపోయింది.

నాకు సంతోషంగా ఉంది. ఇక లారీలు రావు. బాపు ఇంటికి వస్తాడు. ఎగిరి గంతెయ్యాలనిపించింది. కాని ఖాలా వీపు చూస్తే ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండో రోజు పగటిపూట ఒక గుంపు మా గల్లీలోకి వచ్చింది. జెండాలు పట్టుకొని అరుస్తూ తలుపులు బాదుతున్నారు. మా తెర ముందు కూడా ఆగారు. అవ్వ నన్ను లోపలికి నెట్టి తానే తెర తీసి గడప మీద నిలబడింది.

"ఏం గావాలె బిడ్డ?"

ముసలి తెలుగామెను చూసి వాళ్ళు తడబడ్డారు. "ఎవరిల్లు ఇది?" అన్నాడొకడు.

"గీడ నేను, నా మనుమరాలు ఉంటం. గా పిల్లకు జరం. లొల్లి చెయ్యకుర్రి."

వాళ్ళు పోయారు. అవ్వ గడప మీదనే కూర్చొని, పొద్దు గుంకేదాకా లేవలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళ పాటు ఖాలా బుర్ఖాలో బజారుకు పోవడానికి భయపడింది. ఆమెకు కావలసిన ఉప్పూ పప్పూ దారపు ఉండలూ అవ్వే తెచ్చి కుట్టుమిషను మీద పెట్టేది.

ఖాలా తమ్ముడు మరాఠ్వాడా దిక్కు ఒక చిన్న ఊళ్ళో నౌకరీ చేసేవాడు. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. పోలీసు యాక్షన్ తర్వాత ఆ దిక్కు నుంచి మంచి వార్తలు రాలేదు. పట్నానికి పారిపోయి వచ్చినవాళ్ళు మసీదుల్లో, బంధువుల ఇళ్ళల్లో తలదాచుకొన్నారు. ఖాలా ప్రతి ఒక్కరినీ అడిగి వచ్చేది. తమ్ముడిని చూశామన్నవాళ్ళు ఎవరూ లేరు. ఊరు పేరు చెప్పగానే కొందరు ముఖం తిప్పుకొనేవారు. ఒక రోజు అట్లా వెళ్ళి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా దానిమ్మ చెట్టు కింద కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు.

అవ్వ చాలాసేపు గడపలో నుంచి చూసింది. తర్వాత జొన్నగటక కాచి, గిన్నెలో పోసి, మజ్జిగ కలిపి పట్టుకుపోయి ఆమె ముందు కూర్చుంది.

"తాగు బీబమ్మా."

ఖాలా తల అడ్డంగా ఊపింది.

"నీకు తమ్ముడు, నాకు కొడుకు. ఇద్దరు యాడున్నరో ఎరుక లేదు. తాగకపోతె వస్తరా? తాగు."

ఖాలా గిన్నె అందుకొని తాగింది. ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

అవ్వ కొడుకు ఇంటికి రాలేదు. రజాకార్లు పోయినా సంగం వాళ్ళు తుపాకులు దించలేదు. దొరలు మళ్ళీ గడీలకు వస్తున్నారని, పంచిన భూములు లాక్కొంటున్నారని కబుర్లు వచ్చేవి. ఈసారి యూనియన్ పోలీసులు ఊళ్ళల్లో క్యాంపులు పెట్టి సంగం వాళ్ళ కోసం వెతికారు. మా ఇంటిని రెండుసార్లు సోదా చేసి, గింజలు మన్నులో పారబోసి పోయారట. పట్నంలోనూ నల్లగొండ వాళ్ళ మీద నిఘా మళ్ళీ మొదలైంది.

మా తెర ముందుకు పోలీసులు వచ్చింది ఒక ఆదివారం పొద్దున. ఇద్దరు. ఒకాయనది మద్రాసు దిక్కు తెలుగు. తెర వెనక నుంచే ఖాలా మాట్లాడింది.

"ఈ ఇంట్లో మగవాళ్ళు లేరు. ఏం కావాలి?"

"నల్గొండ నుంచి వచ్చిన పిల్ల ఎవరైనా ఉందా? బళ్ళో చదివే పిల్ల."

"నా దగ్గర కిరాయికి ఉన్నవాళ్ళు పాలమూరు వాళ్ళు. అచ్చంపేట. యాక్షన్‌కు ముందు నుంచి ఉన్నరు. పిల్ల చదువుకుంటది, ముసలామె వంట చేస్తది. నా ఇంట్లో ఎవరుంటున్నరో నాకు తెలియదా సాబ్?"

వాళ్ళు ఇంకో ఇంటికి పోయారు. అవ్వ గదిలోంచి వచ్చి ఆమె ముందు నిలబడింది.

"బీబమ్మా, ఒక మాట చెప్పాలె. మాది పాలమూరు గాదు."

"నాకు తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"వకీల్ సాబ్ భార్య మీరు రాకముందే చెప్పింది. నీవు అబద్ధం చెప్తే ఏం చెప్తవో చూద్దామని అడిగిన." ఖాలా చాలా రోజుల తర్వాత నవ్వింది. "అచ్చంపేట అని మంచిగనే చెప్పినవ్."

అవ్వ కూడా నవ్వింది. కాని ఆ మాట ఆమెను వదలలేదు. కొన్ని నెలల తర్వాత ఊరి నుంచి వచ్చిన మనిషి ఒకాయన గల్లీలో నిలబడి బాపు కబురు చెప్పాడు. మా దిక్కు ఉండడం కష్టమై దళాలు కృష్ణ ఒడ్డుకు, నల్లమల అడవికి పోయాయట. బాపు ఇప్పుడు అచ్చంపేట పైనున్న అడవిలో ఉన్నాడట. అవ్వ గోడకు ఆనుకొని కూలబడింది.

"నా నోరే గీ పని చేసింది. ఏ ముహూర్తాన అచ్చంపేట అన్ననో, నా కొడుకును గా అడవి పట్టిచ్చిన."

అట్లా కాదని ఖాలా చెప్పింది, నేను చెప్పాను. వకీలు మామ కూడా ఒక రోజు గల్లీలో నిలబడి చెప్పి పోయాడు. అవ్వ వినలేదు. తర్వాత ఏ అబద్ధమూ ఆడలేదు. అసలు మాటలే తగ్గించింది.

ఆ చలికాలంలో ఆమెకు జ్వరం పట్టుకొన్నది. దవాఖానకు పోదామంటే రానన్నది. అక్కడ పేరు, ఊరు, కొడుకు పేరు అడుగుతారని భయం. హకీము ఇచ్చిన మందు పనిచేయలేదు. నేను కాచిన గంజి రెండు గుక్కలు కూడా దిగేది కాదు. ఒక సాయంత్రం ఖాలా బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి తెచ్చి, ఎప్పటి లాగే మా గడప దగ్గర ఆగింది.

"లోపటికి రా బీబమ్మా," అన్నది అవ్వ. "గాడ నిలవడితె నాకు అందుతదా?"

ఖాలా లోపలికి వచ్చి, అవ్వ తల ఒడిలో పెట్టుకొని చెంచాతో తినిపించింది. అవ్వ గిన్నెలో సగం తిన్నది. ఎన్నో రోజుల తర్వాత తిన్న అన్నం అది.

మూడు రోజులకు పోయింది. తెల్లవారి నేను నీళ్ళు తోడుతుండగా ఖాలా వచ్చి నా చేతిలోని చేద తీసుకొని పక్కన పెట్టింది. ఆమె ముఖం చూసి నాకు తెలిసింది.

శవాన్ని ఊరికి తీసుకుపోయే వీలు లేదు. కర్మ చేయడానికి కొడుకు లేడు. ఆ రోజుల్లో కిరాయి ఇంట్లో ఎవరైనా చనిపోతే ఇంటివాళ్ళు మొదట శవాన్ని బయట పెట్టమనేవారు. ఖాలా తన గదిలోని చాప తెచ్చి వాకిట్లో, దానిమ్మ చెట్టు కింద పరిచి, అవ్వను అక్కడ పడుకోబెట్టించింది. వకీలు మామ ఇంటికి మనిషిని పంపింది. ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. అత్తమ్మను కూడా తీసుకొని వచ్చాడు. గల్లీలోకి రాగానే తలపాగా తీసి చంకన పెట్టుకొన్నాడు. అత్తమ్మ స్నానం చేయించింది. పండ్ల బండి నడిపే పక్కింటాయన వెదురుబొంగులు తెచ్చాడు. పాడె ఎట్లా కట్టాలో తెలియక అడిగి అడిగి కట్టాడు. పాడె లేచినప్పుడు గల్లీలో మగవాళ్ళందరూ దుకాణాలు మూసి నిలబడ్డారు. మామ నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచాడు. మూసీ ఒడ్డున ఆయనే నిప్పంటించాడట. తిరిగి వచ్చి వాకిట్లో కూర్చొని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని చాలాసేపు ఏడ్చాడు. "నా ఇంట్ల జాగా ఉండె, నేనే ఉంచుకోకపోతి," అన్నాడు.

నన్ను తన ఇంటికి వచ్చెయ్యమన్నాడు. నేను ఖాలా దిక్కు చూశాను. ఆమె, "పిల్లను అడగండి," అన్నది. ఇక్కడే ఉంటానన్నాను. ఆ సాయంత్రమే ఖాలా తన మంచం మా గదిలోకి జరిపించి, తలుపుకు అడ్డంగా వేసుకొన్నది. నేను పదో తరగతి అయ్యేదాకా ఆ మంచం అక్కడే ఉంది.

సంగం పోరాటం ఆగిపోయిందని తెలిసినప్పుడు నేను తొమ్మిదిలో ఉన్నాను. బాపు అంతకుముందే అడవిలో పట్టుబడి జైల్లో ఉన్నాడు. వదిలేశారన్న కబురు రాలేదు. ఆయనే వచ్చాడు. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి మా తెర ముందు గల్లీలో, మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గాని దగ్గరికి రాలేదు. నేను ఎదిగిపోయాను. ఆయనకు ఏం చేయాలో తెలియలేదు. నేనే పోయి చేయి పట్టుకొన్నాను.

"లోపటికి రా బాపు."

"వద్దు బిడ్డ. మొగోళ్ళు రావొద్దంట గద. వకీలు బావ చెప్పిండు."

తెర వెనక నుంచి ఖాలా గొంతు వినబడింది. "లోపలికి రమ్మను బేటీ. ఆయన తల్లి ఈ ఇంట్లో పోయింది."

బాపు లోపలికి వచ్చాడు. ఖాలా తన గది తలుపు చాటున నిలబడింది. నేను గది చూపించాను. అవ్వ పడుకొన్న చోటు అడిగాడు. చూపించాను. అక్కడ కూర్చొని నేల మీద అరచేయి ఆనించి అట్లాగే ఉండిపోయాడు.

"నా మీద కోపమొచ్చిందా అవ్వకు?" అని అడిగాడు కాసేపటికి.

తలుపు చాటు నుంచి ఖాలా చెప్పింది. "కోపం లేదు భాయ్. భయం ఉండె. రోజూ నీ పేరు తలిచేది."

బాపు తలుపు దిక్కు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఖాలాకు అది కనబడిందో లేదో తెలియదు. తర్వాత ఆమె అన్నం పెట్టించింది. బాపు తిన్నాడు. తిని, చేయి కడుక్కొని, "ఇగ ఇంటికి వోదామా బిడ్డ? ఇప్పుడు భయం లేదు," అన్నాడు.

"పరీక్షలున్నయి బాపు."

ఆయన తల ఊపాడు. బాధపడ్డాడో, సంతోషపడ్డాడో ముఖంలో తెలియలేదు. "మీ అమ్మ నిన్ను జూసి ఎన్నేండ్లాయె," అని మాత్రం అన్నాడు. సెలవుల్లో పోయాను. ఇల్లు సగం కూలి ఉంది. అమ్మ నన్ను వాకిట్లో నిలబెట్టి, దృష్టి తీసి, ఆ పక్కింటి వాళ్ళను ఈ పక్కింటి వాళ్ళను పిలిచి చూపించింది. తమ్ముడు నన్ను చూసి కొత్తమనిషి అనుకొని అమ్మ వెనక దాక్కొన్నాడు. సెలవులు అయిపోగానే అమ్మే నా మూట కట్టింది. "పో. సగంల వదిలిపెట్టకు," అన్నది.

నేను పది ప్యాసై, పంతులమ్మ శిక్షణ ముగించి నల్లగొండలో ఉద్యోగంలో చేరాను. మా బళ్ళో చదువుకొని పట్నం పోవాలనుకొన్న ఆడపిల్లల్లో కొందరిని ఖాలా దగ్గరికే పంపాను. పాలమూరు నుంచి కూడా పిల్లలు వచ్చారు. ఆమె జిల్లా పేరు అడగడం మానేసింది. చదువుకుంటవా అని మాత్రం అడిగేది. అవ్వ పోయిన రోజును మినహాయిస్తే, మగవాళ్ళు గల్లీలో నుంచే మాట్లాడాలన్న నియమం బాపు ఒక్కడి విషయంలోనే తప్పింది.

తన తమ్ముడి సంగతి ఖాలాకు చివరిదాకా తెలియలేదు. బాపు తనతో జైల్లో ఉన్న మరాఠీ మనిషికి రాయించాడు. ఆయన ఆ ఊరికి పోయి వచ్చాడు. ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ఇల్లు లేదని మాత్రమే చెప్పగలిగాడు. ఆ సంగతి ఖాలాకు చెప్పింది నేనే. ఆమె మిషను తొక్కడం ఆపి, దారం తెంపి, "అచ్ఛా," అన్నది. కాసేపటికి మళ్ళీ తొక్కింది.

ఖాలా పోయిన కబురు అత్తమ్మ పంపింది. నేను చేరేసరికి వాకిలి నిండా ఆడవాళ్ళున్నారు. అప్పటికి గదిలో ఉంటున్న ఇద్దరు పిల్లలు బావి పక్కన ఒకరినొకరు పట్టుకొని ఏడుస్తున్నారు. ఒకామెది దేవరకొండ, ఇంకొకామెది నాగర్‌కర్నూలు. ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు పోరు. జనాజా గల్లీ దాటేదాకా మేమందరం తెర దగ్గరే నిలబడ్డాం. అత్తమ్మ నా భుజం పట్టుకొని నిలబడింది. ఆమె కూడా ముసలిదైపోయింది.

ఇల్లు ఖాలా బిడ్డ వాళ్ళకు పోయింది. వాళ్ళు అమ్ముకొంటామన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు, బొంబాయిలో వాళ్ళ అవసరాలు వాళ్ళకుంటాయి. నేను బడికి సెలవు పెట్టి, ఆ ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని గది కోసం వెతికాను. మలక్‌పేట, చాదర్‌ఘాట్, కాచిగూడ అన్నీ తిరిగాం. చివరికి బర్కత్‌పురాలో కాన్పులు చేసే ఒక దాయమ్మ ఇంట్లో గది దొరికింది. మంచాలు, పెట్టెలు రిక్షాలో వేయించి, వాళ్ళు అన్నం వండుకోవడం చూసి, సాయంత్రం బస్సుకు నల్లగొండ వచ్చేశాను.